ట్రావెల్ ట్రైలర్ నీటి వ్యవస్థ శీతాకాల సంరక్షణ

ట్రావెల్ ట్రైలర్ నీటి వ్యవస్థ శీతాకాల సంరక్షణ అనగా, కారు లేదా ట్రక్కు వెనుక తగిలించి లాగుకొనిపోయే నివాసపు బండిలోని నీటి గొట్టాలు, పంపు, హీటరు, కుళాయిలు మొదలైనవి చలికి పగిలిపోకుండా ముందుగానే వాటిలోని నీటిని తొలగించడం, లేదా నీటి స్థానంలో హిమనిరోధక ద్రవాన్ని నింపడం. అమెరికా సంయుక్త రాష్ట్రాల ఉత్తర భాగంలోను, కెనడాలోను ఇటువంటి బండ్లు ఉన్నవారు ఏటా శరదృతువులో, ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్ కన్నా దిగువకు పడిపోయే రాత్రులు మొదలయ్యేలోగా ఈ పనిని పూర్తిచేస్తారు. వసంతకాలంలో గొట్టాలను కడిగి, క్రిమిరహితం చేసి, వ్యవస్థను మరల వాడుకలోకి తెస్తారు.

ఈ పనిలో కీలకమైనది పెద్ద ట్యాంకులను ఖాళీ చేయడం కాదు. గొట్టాల మలుపులలో, వాల్వులలో, పంపు తలభాగంలో కంటికి కనబడకుండా మిగిలిపోయే కొద్దిపాటి నీటిని తొలగించడమే ముఖ్యం. గ్లాసెడు నీరు కూడా ఒక కుళాయిని పగులగొట్టగలదు. పైగా ఆ నష్టం జనవరిలో జరిగినా వెంటనే తెలియదు. ఏప్రిల్‌లోనో, మే నెలలోనో నీరు తిరిగి ఎక్కించినప్పుడు గోడల వెనుక నుండి, నేల అడుగు నుండి కారడం మొదలైన తరువాతనే బయటపడుతుంది.

నేపథ్యం

ట్రావెల్ ట్రైలర్‌కు సొంత ఇంజను ఉండదు. లోపల పడక, వంటగట్టు, స్నానపుగది, మరుగుదొడ్డి ఉంటాయి. వీటిని, ఇంజను కలిగిన మోటార్ హోములను కలిపి ఆర్‌వీలు అని వ్యవహరిస్తారు. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ నగర పరిసరాలు వీటి తయారీకి పేరుపొందిన కేంద్రం. తొలినాటి ట్రైలర్లలో నీటి ఏర్పాట్లు చాలా స్వల్పంగా ఉండేవి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత స్నానపుగది, వేడినీటి హీటరు, విద్యుత్ పంపు వంటి సౌకర్యాలు క్రమంగా పెరిగాయి. సౌకర్యాలతో పాటు గొట్టాల పొడవు, అతుకుల సంఖ్య, నీరు నిలిచిపోయే మూలలు కూడా పెరిగాయి.

ఇంటి గొట్టాలకు, ట్రైలర్ గొట్టాలకు ఒక ముఖ్యమైన భేదం ఉంది. ఇంటిలో చలికాలమంతా మనుషులు ఉంటారు, గదులు వేడిగా ఉంటాయి. ట్రైలర్ మాత్రం నెలల తరబడి వేడి లేకుండా ఆరుబయట నిలిచి ఉంటుంది. దాని గోడలు పలుచన, నేల అడుగున గాలి ఆడుతుంది. మిన్నెసోటా, ఉత్తర డకోటా, మాంటానా వంటి రాష్ట్రాలలో చలికాలపు రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు పది డిగ్రీల దిగువన ఉండడం సాధారణం. అంత చలిలో నీరు మిగిలి ఉంటే గడ్డకట్టక మానదు.

గడ్డకట్టిన నీరు గొట్టాన్ని పగులగొట్టే విధం

చాలా ద్రవాలు ఘనీభవించినప్పుడు కుంచించుకుపోతాయి. నీరు మాత్రం ఇందుకు భిన్నంగా వ్యాకోచిస్తుంది. 4 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి సాంద్రత అత్యధికం. అంతకన్నా చల్లబడేకొద్దీ అది స్వల్పంగా వ్యాకోచించి, మంచుగా మారేటప్పుడు ఒక్కసారిగా దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. అనగా 100 మిల్లీలీటర్ల నీరు దాదాపు 109 మిల్లీలీటర్ల స్థలాన్ని కోరుతుంది. నిండుగా నీరు పోసి మూత బిగించిన గాజు సీసాను డీప్ ఫ్రీజరులో ఉంచితే పగిలిపోవడం ఇందువల్లనే.

వ్యాకోచించడానికి చోటు లేకపోతే పీడనం పెరుగుతుంది. మూసి ఉన్న పాత్రలో, సున్నా కన్నా దిగువకు పోయే ప్రతి డిగ్రీకి సుమారు 130 వాతావరణ పీడనాల వంతున ఒత్తిడి పుట్టే అవకాశం ఉంది. ట్రైలర్ గొట్టాలలో మామూలుగా ఉండే నీటి ఒత్తిడి మూడు, నాలుగు వాతావరణ పీడనాలు మాత్రమే. కనుక గట్టి లోహపు గొట్టాలు, ప్లాస్టిక్ అతుకులు కూడా ఈ ఒత్తిడికి పగిలిపోగలవు.

ఇక్కడ గమనించవలసిన మరొక విషయం ఉంది. గొట్టం ప్రతిసారీ మంచు ఏర్పడిన చోటనే పగలదు. మంచు ముద్ద గొట్టానికి బిరడా వలె అడ్డుపడి, పెరుగుతూ, మూసి ఉన్న కుళాయికి తనకు మధ్య చిక్కుకున్న నీటిని నొక్కుతుంది. ఆ ఒత్తిడికి అన్నిటికన్నా బలహీనమైన చోటు, అనగా ఒక అతుకు గాని, కుళాయి లోపలి భాగం గాని విడిపోతుంది. శీతాకాలంలో ట్రైలర్ కుళాయిలను తెరిచి ఉంచమని చెప్పడానికి కారణం ఇదే.

సన్నని గొట్టాలు పెద్ద ట్యాంకుల కన్నా ముందు గడ్డకడతాయి. ఒక గ్రాము నీరు మంచుగా మారడానికి 80 కేలరీల ఉష్ణాన్ని వదలాలి. 150 లీటర్ల ట్యాంకు అంత ఉష్ణాన్ని కోల్పోవడానికి చాలా సమయం పడుతుంది. అర అంగుళం గొట్టంలో ఉన్న నీరు కొద్ది, దానికి చలి తగిలే ఉపరితలం ఎక్కువ. అందుచేత ఒకే ఒక చలి రాత్రి కూడా దానికి చాలు.

నీటి వ్యవస్థలోని భాగాలు

మంచినీటి ట్యాంకు: సాధారణంగా 100 నుండి 200 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు. బండి అడుగున గాని, పడక కింద గాని ఉంటుంది.

నీటి పంపు: 12 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న పంపు. ట్యాంకులోని నీటిని కుళాయిలకు పంపుతుంది. దీని ముందు చిన్న జల్లెడ ఉంటుంది.

బయటి నీటి ప్రవేశద్వారం: విడిదిలోని కుళాయికి రబ్బరు గొట్టంతో కలిపే చోటు. నీరు వెనుకకు రాకుండా ఏకదిశా వాల్వు, చిన్న జల్లెడ ఇందులో ఉంటాయి.

వేడినీటి హీటరు: చాలా బండ్లలో 6 గ్యాలన్ల (సుమారు 23 లీటర్లు) లేదా 10 గ్యాలన్ల (సుమారు 38 లీటర్లు) హీటరు ఉంటుంది. ఇది గ్యాసుతో గాని, విద్యుత్తుతో గాని, రెండింటితో గాని పనిచేస్తుంది. నీరు హీటరులోనికి పోకుండా పక్కనుండి మళ్ళించే బైపాస్ వాల్వులు దీని వెనుక ఉంటాయి.

గొట్టాలు: ఇప్పటి బండ్లలో పెక్స్ అనే వంగే గుణమున్న ప్లాస్టిక్ గొట్టాలను ఎక్కువగా వాడుతున్నారు. ఇవి కొంతవరకు సాగి తట్టుకొంటాయి. కాని వీటి అతుకులకు, కుళాయిలకు ఆ గుణం లేదు. కాబట్టి పెక్స్ గొట్టాలున్న బండికి సంరక్షణ అక్కరలేదనుకోవడం పొరపాటు.

వాడిన నీటి ట్యాంకులు: వంటగట్టు, స్నానపుగది నీరు చేరేది గ్రే ట్యాంకు. మరుగుదొడ్డి మలినం చేరేది బ్లాక్ ట్యాంకు.

వంపు గొట్టాలు: తొట్టి కింద దుర్వాసన పైకి రాకుండా కొద్దిగా నీటిని నిలిపి ఉంచే వంపులు. వీటిలో నీరు ఎప్పుడూ నిలిచి ఉంటుంది కనుక ఇవి మరవరాని భాగాలు.

దిగువ కాలువ వాల్వులు: గొట్టాల మార్గంలో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట, వేడినీటికి ఒకటి, చన్నీటికి ఒకటి చొప్పున అమర్చిన వాల్వులు. ఇవి తెరిస్తే గొట్టాలలోని నీరు చాలావరకు నేలమీదికి దిగిపోతుంది.

ముందుగా చేయవలసిన పనులు

ఏ పద్ధతిని అనుసరించినా మొదట ఈ పనులు వరుసగా చేయాలి.

1. వాడిన నీటి ట్యాంకులను నిర్దేశించిన చోట మాత్రమే ఖాళీ చేయాలి. మొదట బ్లాక్ ట్యాంకును, తరువాత గ్రే ట్యాంకును వదిలితే రెండవదాని నీటితో గొట్టం కొంత శుభ్రపడుతుంది.

2. హీటరుకు గ్యాసును, విద్యుత్తును ఆపాలి. నీరు పూర్తిగా చల్లారేవరకు, అనగా కొన్ని గంటలు ఆగాలి. బయటి నీటిని, పంపును ఆపి, ఒక వేడినీటి కుళాయిని తెరిచి ఒత్తిడిని తగ్గించాలి. ఆ తరువాతనే హీటరు అడుగు బిరడాను విప్పాలి. వేడి, ఒత్తిడి ఉండగా విప్పితే మరుగునీరు ముఖం మీదికి, చేతుల మీదికి చిమ్మి తీవ్రంగా కాలే ప్రమాదం ఉంది.

3. హీటరు పైభాగాన ఉన్న రక్షణ వాల్వును తెరిస్తే గాలి లోనికి పోయి నీరు త్వరగా దిగుతుంది. ఉక్కు ట్యాంకు ఉన్న హీటర్లలో బిరడాకే మెగ్నీషియం లేదా అల్యూమినియం కడ్డీ అమర్చి ఉంటుంది. అది తాను తుప్పుపట్టి ట్యాంకును కాపాడుతుంది. కడ్డీ చాలావరకు అరిగిపోయి ఉంటే మార్చడానికి ఇదే తగిన సమయం.

4. మంచినీటి ట్యాంకు కాలువను, దిగువ కాలువ వాల్వులను తెరవాలి. లోపలి కుళాయిలను, స్నానపు జల్లును, బండి వెలుపల ఉండే జల్లును వేడి, చన్నీటి వైపులు రెండూ తెరవాలి. మరుగుదొడ్డి తొక్కుడుమీటను కూడా నొక్కాలి.

5. పంపును కొద్ది క్షణాలు నడిపి అందులో మిగిలిన నీటిని బయటకు పంపాలి. నీరు లేకుండా ఎక్కువసేపు నడపరాదు.

6. నీటి వడపోత గుళికలు ఉంటే తీసివేసి, వాటి గిన్నెలలోని నీటిని పారబోయాలి.

7. హీటరు ఖాళీ అయిన పిదప బైపాస్ వాల్వులను మళ్ళించాలి.

గాలితో ఊదే పద్ధతి

ఈ పద్ధతిలో బయటి నీటి ప్రవేశద్వారానికి ఒక అమరికను బిగించి, కంప్రెసరు గాలితో గొట్టాలలోని నీటిని బయటకు నెడతారు. గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 30 నుండి 40 పౌండ్లకు మించకుండా నియంత్రించుకోవాలి. కంప్రెసరు పూర్తి ఒత్తిడిని వదిలితే చలి చేయవలసిన నష్టం గాలే చేస్తుంది.

మొదట దిగువ కాలువ వాల్వులను మూసి, ఏదో ఒక కుళాయిని తెరిచి ఉంచి, ఆ తరువాత గాలిని వదలాలి. ఒక్కొక్క కుళాయిని, వేడినీటి వైపు ఒకసారి, చన్నీటి వైపు ఒకసారి తెరిచి, తుంపరలు ఆగి వట్టి గాలి వచ్చేవరకు ఉంచాలి. మరుగుదొడ్డి, రెండు జల్లులు, బట్టలు ఉతికే యంత్రం ఉంటే దాని గొట్టాలు కూడా ఇదే విధంగా పూర్తిచేయాలి. నీరు పల్లపు చోట్లకు తిరిగి చేరుతుంది కనుక మొత్తం వరుసను రెండవసారి చేయడం మంచిది. చివరగా దిగువ కాలువలను తెరిచి మరికొంత గాలిని వదలాలి. వంపు గొట్టాలలోని నీటిని గాలి తొలగించదు. వాటిలో హిమనిరోధక ద్రవం పోయక తప్పదు.

హిమనిరోధక ద్రవం నింపే పద్ధతి

ఇందులో ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపిన గులాబీరంగు ద్రవాన్ని పంపు ద్వారా గొట్టాలన్నిటిలో నింపుతారు. ఒక మోస్తరు బండికి 2 నుండి 3 గ్యాలన్లు, అనగా సుమారు 8 నుండి 11 లీటర్లు సరిపోతుంది. హీటరును బైపాస్ చేయడం మరిస్తే మొదట హీటరు నిండాలి. అందుకు మరో 23 లేదా 38 లీటర్ల ద్రవం వృథా అవుతుంది.

దిగువ కాలువ వాల్వులను మూసి, పంపు చూషణ గొట్టాన్ని ద్రవం ఉన్న డబ్బాలో ఉంచి పంపును నడపాలి. పంపుకు దగ్గరి కుళాయితో ప్రారంభించి ఒక్కొక్క దానిని తెరవాలి. మొదట నీరు, తరువాత లేత గులాబీ రంగు, ఆపైన చిక్కని గులాబీ రంగు వస్తుంది. చిక్కని రంగు వచ్చేవరకు ఆగడం అవసరం. లేత రంగు అంటే ద్రవంలో నీరు కలిసి పలుచబడిందని అర్థం. పలుచబడిన ద్రవం సున్నాకు కొంచెం దిగువననే గడ్డకట్టగలదు.

అన్ని కుళాయిలు, జల్లులు, మరుగుదొడ్డి అయిన తరువాత పంపును ఆపి, ఒక కుళాయిని తెరిచి ఒత్తిడిని తీసివేయాలి. అప్పుడు బయటి ప్రవేశద్వారంలోని జల్లెడను తీసి, ఏకదిశా వాల్వును మెల్లగా నొక్కితే అక్కడ చిక్కుకున్న నీరు, దాని వెనుక గులాబీ ద్రవం బయటకు వస్తాయి. చివరగా ప్రతి వంపు గొట్టంలో ఒక కప్పు ద్రవం, మరుగుదొడ్డిలో, గ్రే ట్యాంకులో కొంత ద్రవం పోయాలి.

డబ్బా మీద ముద్రించిన అంకె

ఈ ద్రవం డబ్బాల మీద మైనస్ 50 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు మైనస్ 46 డిగ్రీల సెల్సియస్) అని ముద్రించి ఉండడం సాధారణం. అంతవరకు ద్రవం ద్రవంగానే ఉంటుందని దీని అర్థం కాదు. అంతకు చాలా ముందే అది మెత్తని మంచుపలుకుల గుజ్జుగా మారుతుంది. ఆ గుజ్జు గట్టిముద్ద కాకుండా కదలగలిగి ఉంటుంది కనుక గొట్టాన్ని పగులగొట్టదు. ముద్రించిన అంకె గొట్టాలు పగలకుండా లభించే రక్షణకు సంబంధించినది. అది కూడా నీరు కలియని ద్రవానికే వర్తిస్తుంది.

విషపూరితమైన ద్రవంతో ప్రమాదం

కారు ఇంజనుకు వాడే హిమనిరోధక ద్రవంలో సాధారణంగా ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. దీనిని తాగునీటి గొట్టాలలో ఎట్టి పరిస్థితిలోను వాడరాదు. ఇది రుచికి తియ్యగా ఉంటుంది. శరీరంలో ఆక్సాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, ప్రాణాపాయం కలిగిస్తుంది. నేలమీద ఒలికిన ద్రవాన్ని నాకి కుక్కలు, పిల్లులు మరణించడం తెలిసిన విషయమే. పొరపాటున ఎవరైనా మింగితే, లక్షణాలు కనబడేవరకు ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

రంగును చూసి ద్రవాన్ని గుర్తించడం సురక్షితం కాదు. కారు ద్రవాలు కూడా కొన్ని గులాబీరంగులో లభిస్తాయి. తాగునీటి వ్యవస్థకు తగినదని డబ్బా మీద స్పష్టంగా ఉన్నదా లేదా అని చదివి తీరాలి. ఇథనాల్ ఆధారంగా చేసిన ద్రవాలు చవకగా దొరుకుతాయి గాని, అవి మండే గుణం కలవి, రబ్బరు భాగాలను ఎండబెడతాయి.

రెండు పద్ధతుల తారతమ్యం

గాలి పద్ధతిలో ఖర్చు తక్కువ, వసంతంలో గొట్టాలను కడగడం సులభం, నీటికి రుచి అంటదు. కాని ఏదో ఒక మలుపులో నీరు మిగిలిందా అన్నది చూసి తెలుసుకోవడానికి వీలుకాదు. ద్రవం పద్ధతిలో గులాబీరంగే సాక్ష్యం. ప్రతి కుళాయి వద్ద ఆ రంగు కనబడితే పని పూర్తయిందని తెలుస్తుంది. చలి తీవ్రంగా ఉండే ప్రాంతాలలో కొందరు మొదట గాలితో ఊది, ఆ తరువాత ద్రవాన్ని నింపుతారు. దీనివలన ద్రవం పలుచబడదు, తక్కువ పరిమాణం సరిపోతుంది.

సాధారణంగా జరిగే పొరపాట్లు

* బండి వెలుపలి జల్లును మరచిపోవడం. దీని తలుపు మూసి ఉండడంతో కంటికి ఆనదు.
* కుళాయి చన్నీటి వైపు మాత్రమే తెరిచి వేడినీటి వైపును వదలివేయడం.
* మంచినీటి ట్యాంకును ఖాళీ చేసి పని పూర్తయిందనుకోవడం.
* మరుగుదొడ్డి వాల్వులో మిగిలిన నీటిని పట్టించుకోకపోవడం.
* ఐసు తయారీ యంత్రం, పాత్రలు కడిగే యంత్రం వంటి వాటిని లెక్కలోనికి తీసుకోకపోవడం. వీటికి తయారీదారు ఇచ్చిన సూచనలను అనుసరించాలి.
* హీటరులో నీరు లేదన్న సంగతి మరచి విద్యుత్తును కలపడం. నీరు లేకుండా నిమిషాలలో దాని తీగచుట్ట కాలిపోతుంది. అందుకే పని ముగిశాక హీటరు మీటపై ఒక చీటీ అంటించడం మంచి అలవాటు.

చలికాలంలో బండిలోనే నివసించేవారు

ఇల్లు లేక గాని, ఉద్యోగరీత్యా గాని చలికాలమంతా ట్రైలర్‌లోనే గడిపే కుటుంబాలు ఉన్నాయి. వీరు నీటిని తొలగించలేరు కనుక గొట్టాలను వెచ్చగా ఉంచవలసి ఉంటుంది. బండి అడుగు చుట్టూ నేలవరకు గాలి చొరకుండా పలకలు అమర్చడం, వేడిచేసే తీగ ఉన్న నీటి గొట్టాన్ని వాడడం, తొట్టి కింది అలమరా తలుపులను రాత్రిపూట తెరిచి ఉంచడం వీరు పాటించే పద్ధతులు. వెచ్చదనం కోసం లోపల బొగ్గుల కుంపటిని గాని, వంటపొయ్యిని గాని వెలిగించి నిద్రపోవడం ప్రాణాంతకం. మూసి ఉన్న చిన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ వాయువు వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది.

వసంతకాలంలో తిరిగి వాడుకలోనికి తేవడం

మొదట శుభ్రమైన నీటితో గులాబీరంగు, నురుగు పోయేవరకు అన్ని గొట్టాలను కడగాలి. ఆ తరువాత హీటరు బిరడాను బిగించి, బైపాస్‌ను యథాస్థితికి తెచ్చి నీరు నింపాలి. ప్రతి 15 గ్యాలన్ల (సుమారు 57 లీటర్లు) ట్యాంకు సామర్థ్యానికి పావు కప్పు (సుమారు 60 మిల్లీలీటర్లు) చొప్పున సువాసన కలపని ద్రవరూప బ్లీచిని నీటిలో కలిపి ట్యాంకులో పోసి, ప్రతి కుళాయి వద్ద క్లోరిన్ వాసన వచ్చేవరకు పంపుతారు. మూడు, నాలుగు గంటలు నిలిపిన తరువాత ఆ వాసన పోయేవరకు మంచినీటితో కడుగుతారు. బ్లీచిని వెనిగర్ వంటి ఆమ్లాలతో కలపరాదు, విషవాయువు వెలువడుతుంది.

చివరి పరీక్ష చెవులతో చేయవలసినది. కుళాయిలన్నీ మూసి పంపును నడిపితే ఒత్తిడి పెరిగి అది దానంతట అదే ఆగిపోవాలి. నీరు వాడకుండానే పంపు మాటిమాటికి మొదలై ఆగుతూ ఉంటే ఎక్కడో నీరు కారుతున్నదని గ్రహించి, అతుకులను ఒక్కొక్కటిగా పరిశీలించాలి.

వెచ్చని ప్రాంతాలలో

దక్షిణాది రాష్ట్రాలలో చలి తక్కువ కనుక ఉత్తరాదివారు కొందరు చలికాలానికి బండితో సహా అరిజోనా, ఫ్లోరిడా, టెక్సాస్‌లకు తరలిపోతారు. అయితే వెచ్చని ప్రాంతమన్న ధీమా కూడా తగదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను తాకిన శీతల తుఫానులో లక్షలాది ఇళ్ళకు విద్యుత్తు నిలిచిపోయి, ఎన్నో ఇళ్ళలో నీటి గొట్టాలు పగిలిపోయాయి. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరాలలో పెద్ద సంఖ్యలో నివసిస్తున్న తెలుగువారికి కూడా ఆ చలి అనుభవంలోనికి వచ్చింది.

భారతదేశంలో లడఖ్‌లోని లేహ్, ద్రాస్ వంటి చోట్ల చలికాలంలో నీటి గొట్టాలు గడ్డకట్టడం ఏటా ఎదురయ్యే సమస్య. ఆంధ్రప్రదేశ్‌లోని లంబసింగిలో కొన్ని శీతాకాలపు రాత్రులు ఉష్ణోగ్రత సున్నాకు చేరువకు వచ్చినా, ఆ చలి కొద్ది గంటలే ఉంటుంది కనుక అక్కడ ఇటువంటి సంరక్షణ అవసరపడదు. అయితే పాఠశాలలో చదివే నీటి అసంగత వ్యాకోచానికి ట్రైలర్ గొట్టం ఒక చక్కని ఉదాహరణ. చెరువుపై మంచు తేలి అడుగున చేపలను బ్రతికించే గుణమే, మూసిన కుళాయిలో మిగిలిన గుక్కెడు నీటికి ఇత్తడిని చీల్చే బలాన్ని కూడా ఇస్తుంది.

ఇవి కూడా చూడండి

* నీరు
* మంచు
* నీటి అసంగత వ్యాకోచం
* గుప్తోష్ణం
* ప్రొపిలీన్ గ్లైకాల్
* ఇథిలీన్ గ్లైకాల్